మన కాయ ఎక్కడికి పోతుందమ్మా?

మా ఊరు పల్నాడులో. మూడెకరాల మిరప చేను. ఫిబ్రవరి, మార్చి వచ్చాయంటే ఇంటిల్లిపాదికీ పక్కలు కల్లంలోనే. ఎర్రగా ఆరబోసిన కాయల పక్కన మంచాలు వేసుకుని, మంచు దిగకముందే పట్టాలు కప్పి, ఆ ఘాటులోనే నిద్రపోయేవాళ్లం. మిర్చి టిక్కీలు (బస్తాలు) లారీకెక్కించిన సాయంత్రం నాన్న ఆ లారీ మలుపు తిరిగేదాకా నిలబడి చూసి, “ఏ ఊరివాళ్లు తింటారో మన కాయ” అనేవాడు. గుంటూరు మిర్చి యార్డు దాటాక ఏం జరుగుతుందో ఆయనకు తెలియదు. మాకెవరికీ తెలియదు.

తర్వాత నేను ఎంబీఏ చదివి, గుంటూరు చుట్టుపక్కల కాలేజీల్లో ఇంటర్నేషనల్ బిజినెస్ చెప్పే అధ్యాపకురాలినయ్యాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు నాన్న మా ఇంటికొచ్చాడు. బల్లమీదున్న లావుపాటి పాఠ్యపుస్తకాన్ని చేత్తో తూచినట్టు పట్టుకుని అడిగాడు: “ఇందులో ఉంటుందా అమ్మాయ్, మన కాయ ఎక్కడికి పోతుందో?”

జవాబు చెప్పలేకపోయాను. ఆ పుస్తకంలో అమెరికా కార్ల కంపెనీలున్నాయి, జపాన్ ఫ్యాక్టరీలున్నాయి. గుంటూరు లేదు. నా తరగతిలో కూర్చున్నవాళ్లలో చాలామంది మిర్చి రైతుల పిల్లలు, రొయ్యల చెరువుల వాళ్ల పిల్లలు, చేనేత ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల ఇళ్ల సరుకు సముద్రాలు దాటి పోతోంది. వాళ్లు మాత్రం ఎక్కడో డెట్రాయిట్ కార్ల కథ కంఠతా పడుతున్నారు. నాన్న ప్రశ్న నా పాఠాన్ని ఎలా మార్చిందో ఇక్కడ చెబుతున్నాను. ఈ కోర్సు చదివే పిల్లలకు, చదివించే తల్లిదండ్రులకు, చెప్పే తోటివారికి పనికొస్తుందని నా నమ్మకం.

మార్కులొచ్చాయి, చదువు రాలేదు

మా దగ్గర చదివి ఈ సబ్జెక్టులో మొదటి స్థానం తెచ్చుకున్న అమ్మాయి ఒక ఎగుమతి సంస్థకు ఇంటర్వ్యూకి వెళ్లింది. యజమాని ఒకే ప్రశ్న వేశాడట. “సీఐఎఫ్ లెక్కన సరుకు పంపాం. నడిసముద్రంలో ఓడ మునిగింది. నష్టం ఎవరి నెత్తిన?” ఈమె తడుముకోకుండా, “అమ్మినవాడిదే సార్, అవతలి రేవు దాకా కిరాయి ఆయనే కట్టాడు కదా” అంది. ఉద్యోగం రాలేదు.

ఆ జవాబు తప్పు. సీఐఎఫ్‌లో అవతలి రేవు దాకా ఓడ కిరాయి, బీమా ఖర్చు అమ్మినవాడివే. కానీ సరుకు మన రేవులో ఓడకెక్కిన క్షణం నుంచే నష్టభయం కొన్నవాడిది. మునిగితే బీమా పరిహారం అడగాల్సింది కొన్నవాడే. ఖర్చు ఒకచోట ఆగుతుంది, నష్టభయం మరోచోట చేతులు మారుతుంది. ఈ మెలిక తెలియక మునిగిన వ్యాపారాలున్నాయి. పారిస్‌లోని ఇంటర్నేషనల్ చాంబర్ ఆఫ్ కామర్స్ 1936లో మొదటిసారి ప్రకటించిన, సీఐఎఫ్ లాంటి ఈ నిబంధనలను ఇన్‌కోటర్మ్స్ అంటారు. ఇప్పుడు నడుస్తున్నది 2020 నాటి రూపం. అందులో మొత్తం 11 నిబంధనలున్నాయి.

ఆ అమ్మాయి నా దగ్గరకొచ్చి ఏడ్చింది. ఆమె పాత జవాబు పత్రం తీసి చూశాను. ఇన్‌కోటర్మ్స్ ప్రశ్నకు పూర్తి మార్కులున్నాయి. వేసింది నేనే. నేను నిర్వచనం అడిగాను, ఆమె నిర్వచనం రాసింది. ఓడ మునిగితే ఏమవుతుందని నేను ఎన్నడూ అడగలేదు. లోపం ఆ పిల్లది కాదు, నా పాఠానిది. ఆ వేసవిలో నోట్సు కట్టలన్నీ పక్కనపెట్టి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను.

ఒక్క సరుకు, ఒక్క సెమిస్టర్

ఇప్పుడు మా తరగతిలో మొదటి వారమే అయిదుగురేసి జట్లు కడతారు. ప్రతి జట్టూ మన నేల మీది సరుకు ఒకటి ఎంచుకోవాలి. తేజ మిర్చి, వనామీ రొయ్య, మంగళగిరి చీర, ఏటికొప్పాక బొమ్మ, అరకు కాఫీ, చీమకుర్తి గ్రానైట్, ఏదైనా సరే. సెమిస్టర్ అయ్యేదాకా ఆ సరుకును వదలకూడదు. సిద్ధాంతం ఏది వచ్చినా ఆ సరుకు మీదే పరీక్షించాలి.

మొదటి పని సరుకుకు ‘ప్రపంచం పెట్టిన పేరు’ వెతకడం. బ్రస్సెల్స్‌లోని ప్రపంచ కస్టమ్స్ సంస్థ తయారుచేసిన హెచ్ఎస్ కోడ్ 1988 నుంచి అమల్లో ఉంది. ప్రతి సరుకుకూ ఆరంకెల సంఖ్య. దాని చివర ఏ దేశానికి ఆ దేశం మరికొన్ని అంకెలు చేర్చుకుంటుంది. మన దేశంలో ఎనిమిది అంకెలు. ఇదంతా బోర్డు మీద రాస్తే పిల్లలకు నిద్ర వస్తుంది. అందుకే నేను బల్లమీద మూడు వస్తువులు పెడతాను: గుప్పెడు పచ్చిమిర్చి, గుప్పెడు ఎండుమిర్చి, మిర్చి నుంచి తీసిన ఓలియోరెసిన్ చిన్న సీసా. ఒకే చెట్టు కాయ. కానీ పచ్చిమిర్చి కూరగాయల వరుసలో 7వ చాప్టర్‌కి పోతుంది. ఎండితే సుగంధ ద్రవ్యాలతో కలిసి 9వ చాప్టర్‌లో చేరుతుంది. సారం తీస్తే నూనెలు, అత్తరుల పక్కన 33వ చాప్టర్‌లో కూర్చుంటుంది. చాప్టర్ మారితే సుంకం మారొచ్చు, అడిగే ధ్రువపత్రం మారొచ్చు, కొనేవాడూ మారొచ్చు. ‘విలువ జోడింపు’ అనే మాట నేను ఎన్నేళ్లు వివరించినా ఎక్కనిది, ఆ మూడూ చేత్తో ముట్టుకున్న పది నిమిషాల్లో ఎక్కింది.

రెండో పని, ఆ సంఖ్య పట్టుకుని కొనేవాళ్లను వెతకడం. జెనీవాలోని ఇంటర్నేషనల్ ట్రేడ్ సెంటర్ నడిపే ‘ట్రేడ్ మ్యాప్’లో ఏ దేశం ఏ సరుకును ఎవరి దగ్గర ఎంత కొంటోందో కనిపిస్తుంది. మొదటి ఏడు మిర్చి జట్టు తెచ్చిన పట్టికను నేనే ఫోన్‌లో నాన్నకు చదివి వినిపించాను. ఇటీవలి ఏళ్లలో మన ఎండుమిర్చిని ఎక్కువగా కొంటున్నది చైనా అని చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అయితే అంతదూరం పోతోందన్నమాట” అన్నాడు.

కల్లంలో మొదలయ్యే పాఠం

‘సుంకాలు కాని అడ్డంకులు’ అని ఈ సబ్జెక్టులో ఒక అధ్యాయం ఉంది. పుస్తకంలో రెండు పేజీలు. దాన్ని చెప్పడానికి ఒక ఏడు నాన్ననే తరగతికి పిలిచాను. ఆయన ఏడో తరగతి దాకా చదువుకున్నాడు. చేతులు కట్టుకుని నిలబడి, మంచు తగిలిన కాయ ఎలా మెత్తబడుతుందో, పట్టా కప్పడం ఒక్క రాత్రి మరిచిపోతే లోపల బూజు ఎలా పడుతుందో, తాలు కాయను చూపుతోనే ఎలా ఏరతారో చెప్పాడు. ఆయన కూర్చున్నాక నేను బోర్డు దగ్గరికి వెళ్లి అదే విషయానికి రెండో సగం చెప్పాను. ఆ బూజులో పుట్టే విషం పేరు అఫ్లాటాక్సిన్. కిలో మిర్చిలో మొత్తం అఫ్లాటాక్సిన్లు 10 మైక్రోగ్రాములు మించితే యూరోపియన్ యూనియన్ సరుకును రానివ్వదు. టన్ను కాయలకు 10 మిల్లీగ్రాములు. చిటికెడు ఉప్పు కన్నా తక్కువ.

తరగతి నిశ్శబ్దమైపోయింది. తమ కల్లంలో కప్పని పట్టాకూ, ఎక్కడో యూరప్ రేవులో ఆగిపోయే కంటైనర్‌కూ ఉన్న లంకె వాళ్లకు మొదటిసారి కనిపించింది. ఆ సెలవుల్లో ఒక కుర్రాడు ఇంటికెళ్లి తేమ కొలిచే పరికరం గురించి వాళ్ల నాన్నతో పోట్లాడాడని తర్వాత తెలిసింది. పాఠం పరీక్ష హాలు దాటి పొలానికి వెళ్లింది. అంతకన్నా అధ్యాపకురాలికి ఏం కావాలి!

దీని పక్కనే సూడాన్ రంగు సంగతి చెబుతాను. 2003లో భారత్ నుంచి వెళ్లిన కారం ఉత్పత్తుల్లో సూడాన్-1 అనే రంగు ఫ్రాన్స్‌లో బయటపడింది. అది తిండిలో వాడకూడని రంగు. వెంటనే యూరోపియన్ యూనియన్ మిర్చికి పరీక్ష పత్రం తప్పనిసరి చేసింది. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో అదే రంగున్న కారం ఒక సాస్‌లో కలిసి, ఆ సాస్ వాడిన వందల రకాల తినుబండారాలను దుకాణాల నుంచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఎవరో కొందరు ఎరుపు కోసం కలిపిన రంగుకు, నిజాయతీగా పండించిన రైతులందరి సరుకూ అనుమానపు చూపు భరించింది. ‘వ్యాపార నీతి’ మీద ఇంతకన్నా బలమైన పాఠం నా దగ్గర లేదు.

బ్యాంకు కాయను ముట్టుకోదు

లెటర్ ఆఫ్ క్రెడిట్ (ఎల్‌సీ) అంటే, సరైన కాగితాలు చూపితే డబ్బిస్తానని బ్యాంకు రాసిచ్చే హామీ. ఆ పాఠాన్ని నేను ఉపన్యాసంగా చెప్పడం మానేశాను. తరగతి గదిని మూడు భాగాలు చేస్తాను: ఒక మూల ఎగుమతిదారు, ఒక మూల బ్యాంకు, ఒక మూల విదేశీ కొనుగోలుదారు. ఎల్‌సీలో ఇలా ఉంటుంది: ముచ్చికలు తీసిన తేజ, 25 కిలోల సంచులు 600, మార్చి 20 లోపు ఓడకెక్కాలి. ఎగుమతిదారు జట్టు ఇచ్చే కాగితాల్లో నేను ముందే తేడాలు పెడతాను. సరుకు ఓడకెక్కినట్టు ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్ మీద తేదీ మార్చి 22. ప్యాకింగ్ లిస్టులో సంచులు 598. బ్యాంకు జట్టు గంటలో తేల్చాలి, డబ్బివ్వాలా వద్దా?

మొదటిసారి బ్యాంకు మూలలో కూర్చున్న పిల్లలు ఇచ్చేయమన్నారు. “సరుకు మంచిదే కదా మేడమ్, రెండు రోజులే కదా ఆలస్యం!” అప్పుడు అసలు సూత్రం చెప్పాను. ఎల్‌సీలను నడిపించే యూసీపీ 600 నిబంధనలు 2007 జూలై 1 నుంచి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం బ్యాంకు చూసేది కాగితాలనే, సరుకును కాదు. పరిశీలనకు దానికుండే గడువు అయిదు పనిదినాలు. బ్యాంకు కాయను ముట్టుకోదు, కాగితాన్నే ముట్టుకుంటుంది. కాగితం తప్పితే, అవతలివాడు ధర తగ్గించమని బేరానికి దిగడానికి తలుపు తెరిచినట్టే.

ఆ గంట తర్వాత పిల్లలు ప్రతి తేదీనీ, ప్రతి అక్షరాన్నీ వేలితో చూపుకుంటూ చదవడం మొదలుపెట్టారు. జాగ్రత్తగా ఉండమని నేను వందసార్లు చెప్పినా అలవడని చూపు, రెండు సంచుల తేడాతో అలవడింది.

అవతలివైపు మనిషి

డచ్ పరిశోధకుడు గీర్ట్ హాఫ్‌స్టెడ్ ఐబీఎం ఉద్యోగుల సర్వేల ఆధారంగా దేశాల సంస్కృతులను అంకెల్లో పోల్చి 1980లో పుస్తకం వేశాడు. మన పరీక్షల్లో ఆ అంకెలు తప్పకుండా వస్తాయి. అంకెలు దారి చూపిస్తాయి, నిజమే. కానీ అవతలి మనిషితో ఒక్కసారైనా పని చేయకుండా అతని సంస్కృతి అర్థం కాదు. ఈ మాట ముందే గ్రహించినవాళ్లున్నారు. న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయ వ్యవస్థ 2006లో రెండు దేశాల తరగతులను ఆన్‌లైన్‌లో జతచేసే పద్ధతికి ఒక కేంద్రం పెట్టింది. ‘ఎక్స్-కల్చర్’ అనే ప్రాజెక్టు 2010 నుంచి వేర్వేరు దేశాల విద్యార్థులను ఒకే జట్టులో వేసి, నిజమైన వ్యాపార సమస్యలు ఇస్తోంది.

నేను అంత పెద్ద పని చేయలేదు. ఒక ఆన్‌లైన్ సదస్సులో పరిచయమైన ఇండోనేషియా అధ్యాపకురాలితో మాట్లాడి, జావా ద్వీపంలోని ఆమె తరగతినీ మా తరగతినీ ఆరు వారాలు కలిపాను. ఖర్చు పైసా లేదు. అక్కడివాళ్లకు సంబల్ అనే మిర్చి పచ్చడి లేనిదే ముద్ద దిగదు, మనకు కారం లేనిదే దిగదు. మాటలు కలవడానికి అది చాలింది. పని ఒక్కటే: సంబల్ తయారుచేసే చిన్న సంస్థకు తేజ మిర్చి పంపడానికి ధర పట్టిక, ఒప్పందం ముసాయిదా కలిసి రాయాలి.

రెండో వారంలోనే గొడవ. మనవాళ్లు శుక్రవారం పగలు 11 గంటలకు సమావేశం పెట్టారు. అవతలివాళ్లు ‘చూద్దాం’ అన్నారు. ఆ రోజు ఒక్కరూ రాలేదు. “వాళ్లకు శ్రద్ధ లేదు మేడమ్” అని మా పిల్లలు ఫిర్యాదు చేశారు. గడియారం చూడమన్నాను. జావా సమయం మనకన్నా గంటన్నర ముందు. మన 11 వాళ్లకు మధ్యాహ్నం పన్నెండున్నర. శుక్రవారం నమాజు వేళ. కుదరదని మొహం మీద చెప్పడం మర్యాద కాదని వాళ్లు ‘చూద్దాం’ అన్నారు, మనవాళ్లు దాన్ని ‘సరే’ అని విన్నారు. “మన ఇళ్లలో సంబంధం నచ్చకపోతే ఇంట్లో మాట్లాడి చెబుతాం అంటాం కదా, అదీ ఇదీ ఒకటే” అని ఒక అమ్మాయి అంది. ఆ ఒక్క మాటతో అధ్యాయం మొత్తం తరగతికి అర్థమైంది.

అసలు పాఠం నాలుగో వారంలో వచ్చింది. ధర పట్టికలో ‘ముచ్చికలు తీసినది’ అన్న మాట చూసి జావా నుంచి ఒక విద్యార్థిని అడిగింది: “వాటిని ఎవరు తీస్తారు? వాళ్ల చేతులు మండవా?” మా పిల్లల్లో ఒక్కరూ జవాబు చెప్పలేకపోయారు. ఆ శనివారం అందరం కలిసి ఊరి చివర షెడ్డుకు వెళ్లాం. వరుసగా కూర్చున్న ఆడవాళ్లు, కిలోల లెక్కన కూలి, ముఖాలకు చీర కొంగులు, చేతులకు నూనె. సాయంత్రం ఇంటికెళ్లి బిడ్డను ఎత్తుకోవాలన్నా భయమేనని ఒకామె చెప్పింది. తిరిగొచ్చాక మా జట్టు ధర పట్టికలో చేతి తొడుగులకు, మాస్కులకు ఒక వరుస చేర్చింది. కిలో మీద పడిన భారం అతి స్వల్పం. అవతలి జట్టు ఆ ధర ఒప్పుకుంది. పద్దెనిమిది అధ్యాయాల పాఠ్యపుస్తకం అడగని ప్రశ్నను సముద్రం అవతలి పిల్ల అడిగింది.

రొయ్యల చెరువు చెప్పిన లెక్క

2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకుల్లో చాలావాటిపై సుంకాన్ని 50 శాతానికి పెంచింది. అప్పటికి మన రొయ్యలకు పెద్ద సంత అమెరికాయే. ఆ వారం భీమవరం వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు తరగతిలో దిగాలుగా ఉన్నాడు. వాళ్ల నాన్న చెరువులో వంద కౌంటు (కిలోకు వంద తూగే) రొయ్య పట్టుబడికి సిద్ధంగా ఉంది, కొనేవాళ్లు రేటు దించేశారు. ఆ రోజు అనుకున్న పాఠం ఆపి అతన్నే బోర్డు దగ్గరకు పిలిచాను.

“ఈ 50 శాతం అమెరికాకు కట్టేది ఎవరు?” అని అడిగితే తరగతిలో చాలామంది “మనవాళ్లే” అన్నారు. కాదు. చట్టప్రకారం దిగుమతి సుంకం కట్టేది అక్కడ దిగుమతి చేసుకునేవాడు. మరి ఇక్కడ రైతుకు ధర ఎందుకు పడింది? ఆ కుర్రాడే మెట్టు మెట్టుగా గీశాడు. అమెరికా కొనుగోలుదారు సుంకంలో కొంత మన ఎగుమతిదారు మీదకు తోస్తాడు, ఎగుమతిదారు ప్రాసెసింగ్ ప్లాంటు మీదకు, ప్లాంటు ఏజెంటు మీదకు, ఏజెంటు చెరువు గట్టు మీదకు. గట్టు తర్వాత తోయడానికి ఎవరూ లేరు. పైగా మనకు పోటీ అయిన ఈక్వడార్ రొయ్య మీద అప్పుడు అమెరికా వేసిన సుంకం 15 శాతమే. ఒకే సంత మీద ఆధారపడితే ఏమవుతుందో ఆ రోజు పిల్లలకు నేను చెప్పనక్కర్లేకపోయింది. చెప్పింది వాళ్ల తోటివాడు, ఇంటి బాధ నుంచి.

తెలుగులో ఆలోచించనివ్వండి

ఇది చాలామందికి నచ్చకపోవచ్చు, అయినా చెబుతాను. ఎగుమతి కాగితాలు ఇంగ్లిషులోనే ఉండాలి, ఆ ఇంగ్లిషు తప్పు లేకుండా రావాలి. కానీ ఆలోచన తెలుగులో సాగనివ్వాలి. ‘బిల్ ఆఫ్ లేడింగ్’కు మూడు లక్షణాలని వల్లెవేసిన అబ్బాయిని, వాళ్ల అమ్మకు చెప్పినట్టు చెప్పమన్నాను. “సరుకు ఓడకెక్కిందని రసీదు అమ్మా, ఎక్కడ దింపాలో ఒప్పందం, ఇది ఎవరి చేతిలో ఉంటే సరుకు వాళ్లది, మన పొలం పట్టా లాగా” అన్నాడు. అంతకన్నా మంచి వివరణ నేనూ ఇవ్వలేను. తెలుగు మీడియంలో చదివొచ్చి వెనక బెంచీలో మౌనంగా కూర్చునే పిల్లలు, చర్చకు తెలుగు ఒప్పుకున్న రోజు నుంచి ముందుకొచ్చారు. అర్థమైన విషయానికి ఇంగ్లిషు తొడగడం సులువు. అర్థం కాని ఇంగ్లిషు లోపల విషయం ఉండదు.

మార్కుల తీరు కూడా మార్చాను. నా చేతిలో ఉన్న ఇంటర్నల్ మార్కుల్లో నిర్వచనాలకు చోటు తీసేశాను. ఓడ మునిగితే, రూపాయి పడితే, కాగితం తప్పితే, కొనేవాడు మొండికేస్తే ఏం చేస్తావని అడుగుతాను. జట్టు తెచ్చే ప్రతి అంకె పక్కనా అది ఎక్కడ దొరికిందో రాయాలి. ఫోన్‌లో ఏఐ రాసిచ్చిన నివేదికలు అక్కడే ఆగిపోతాయి.

చివరి తరగతి మోటుపల్లిలో

ప్రతి ఏడూ ఆఖరి పాఠానికి పిల్లల్ని బాపట్ల జిల్లా తీరాన ఉన్న మోటుపల్లికి తీసుకెళతాను. ఒకప్పుడు పెద్ద రేవు. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో అక్కడ వేయించిన అభయ శాసనం ఉంది. అంతకుముందు తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు లాక్కునేవారు. ఇకమీదట సుంకం తప్ప ఏదీ తీసుకోమని గణపతిదేవుడు పరదేశి వర్తకులకు మాట ఇచ్చాడు. నష్టభయం, సుంకం, నమ్మకం. మేము సెమిస్టర్ అంతా నేర్చుకున్న మూడు మాటలూ ఏడున్నర శతాబ్దాలకు పైగా మన తీరంలోనే రాయి మీద ఉన్నాయి. అంతర్జాతీయ వ్యాపారం పరాయి విద్య కాదని పిల్లలకు అక్కడ తెలుస్తుంది.

మన ప్రభుత్వం 1963లో ఢిల్లీలో ఏర్పాటుచేసిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫారిన్ ట్రేడ్ (ఐఐఎఫ్‌టీ) 2022లో కాకినాడకూ వచ్చింది. సంతోషమే. కానీ అందరికీ అక్కడ సీటు రాదు. ఊరి కాలేజీల్లో ఈ కోర్సు చదివే వేలమందికి మంచి చదువు అందాలంటే కావలసినవి పెద్ద భవనాలు కావు.

అందుకే నా విన్నపం. తోటి అధ్యాపకులారా, వచ్చే సెమిస్టర్ మీ ఊరి సరుకుతో మొదలుపెట్టండి. ఎగుమతిదారులారా, ఏడాదికి ఒక్క రోజు మీ గోదాము తలుపు పిల్లలకు తెరవండి, రద్దయిన పాత కాగితాల నకళ్లు పేర్లు కొట్టేసి ఇవ్వండి. తల్లిదండ్రులారా, కాలేజీ నుంచి ఇంటికొచ్చిన బిడ్డను మార్కులు అడిగే ముందు మా నాన్న అడిగిన మాట అడగండి: “మన కాయ ఎక్కడికి పోతుందమ్మా?” ఆ పిల్ల ఊరు, రేవు, ధర, చేతులు మారిన మనుషులు చెప్పగలిగితే చదువు అందినట్టే. చెప్పలేకపోతే బిడ్డను కోప్పడకండి. కాలేజీకి వచ్చి మమ్మల్ని అడగండి.